మలము, కషాయము, కళంకము: మరకను చెప్పు మాటల చరిత్ర





గడచిన శ్రావణమాసమున ఒక సాయంకాలము ప్రదోషపూజ ముగించి ఆలయద్వారమునకు తాళము వేయుచుండగా, విదేశమున ఉద్యోగము చేయుచున్న ఒక యువకుడు ఫోనులో పలుకరించెను. చిన్ననాడు మా ఆలయమున ప్రసాదము కొఱకు వరుసలో నిలిచిన బాలుడే. అతని తండ్రిగారు ఒక కార్యాలయమున పనిచేయుచు, ధనము విషయమున తప్పు చేసి, న్యాయస్థానమున శిక్ష పొంది, ఆ శిక్ష ముగిసిన కొలది కాలమునకే కాలధర్మము చెందిరి. కుమారునికి కుదిరిన పెండ్లి సంబంధము ఆ కారణముచేతనే తప్పిపోయినది. అతడు గీతను, ఉపనిషత్తులను ఇంగ్లీషులో చదువుచున్నాడట. ప్రతి పుటలోను స్టెయిన్, టెయింట్, ఇంప్యూరిటీ అను మాటలే కనబడుచున్నవట.

"పంతులుగారూ, మా నాన్నగారి మరక నాకు కూడా అంటినట్లేనా?" అని అడిగెను.

వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. "రెండు దినములు గడువిమ్ము నాయనా" అంటిని. ఆ రెండు దినములు రెండు మాసములైనవి. మరకను తెలుపు మాటలు ఆంగ్లమున ఎన్ని, సంస్కృతమున ఎన్ని, అవి ఎచ్చటనుండి వచ్చినవి, ఒకదానికొకటి ఎట్లు భేదించును అని వెదకితిని. ఆ విచారణమే ఈ వ్యాసము.

ఆంగ్లమున ఐదు మాటలు

నేను వేదపాఠశాలలో చదివినవాడను. ఆంగ్లము నాకు స్వల్పముగనే తెలియును. మా ఆలయమునకు నిత్యము విచ్చేయు ఒక విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుల సహాయముతో ఈ భాగమును వ్రాయుచున్నాను. నిఘంటువును తెఱచి వారు నాకు చూపిన మొదటి విషయము ఇది: మనము ‘మరక’ అని ఒక్క మాటతో గడుపుకొను చోట ఆంగ్లేయులు కనీసము ఐదు మాటలను వాడుదురు. ఆ ఐదును ఒకటి కావు.

స్టెయిన్ అను మాట లాటిను భాషలోని ‘టింగెరె’ అను ధాతువునుండి ఫ్రెంచి ద్వారా వచ్చినది. టింగెరె అనగా ద్రవమున ముంచుట, రంగద్దుట. మొదట ఈ మాటకు ఉన్న రంగును చెఱచుట అని అర్థము. నేడు వస్త్రపు పోగులలోనికిని, కొయ్య పొరలలోనికిని ఇంకిపోయిన రంగును ఇది చెప్పును. చర్చి కిటికీల రంగుటద్దములకును, కొయ్యసామానుకు పూయు రంగునకును ఇదే మాట. కనుక దీనియందు నింద స్వభావసిద్ధము కాదు. ఇంకుటయే దీని ప్రాణము.

టార్నిష్ అను మాట కాంతి తగ్గించుట అను అర్థము గల ఫ్రెంచి పదమునుండి పుట్టినది. ఇది ముఖ్యముగ లోహములకు చెల్లును. మా స్వామివారి వెండి కవచము కొన్నాళ్లు తోమకున్నచో నల్లబడును. గాలిలోని గంధక సంబంధమగు వాయువు వెండితో కలిసి పైపొరను నల్లగా మార్చునని రసాయనశాస్త్రజ్ఞులు చెప్పుదురు. లోపలి వెండి వెండిగనే యుండును. విభూతితో తోమినచో మరల మెఱయును. పైపొరకే పరిమితమై, లోనున్న వస్తువును చెఱుపని మార్పు టార్నిష్.

సల్లీ అను మాట బురదచేయుట అను అర్థము గల ఫ్రెంచి పదమునకు సంబంధించినదని పండితులు భావింతురు. ఇది నేడు వస్తువులకంటె కీర్తికిని, పేరునకును ఎక్కువగ వాడబడుచున్నది. వెలుపలనుండి ఒకరు చల్లిన బురద, లేక తన చేష్టచే తానే పూసికొన్న బురద. వస్తువుతో దానికి ఏకత్వము లేదు.

బ్లెమిష్ అను మాటకు మూలార్థము పాలిపోవునట్లు చేయుట, గాయపఱచుట. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలునందు బలికి తెచ్చు పశువు ఈ లోపము లేనిదై యుండవలెనని విధి. ఇది రంగును కాక వైకల్యమును చెప్పుచున్నది. మనకు దీనిని వివరింపనక్కఱలేదు. క్షతి లేనివి గనుకనే పూజకు వాడు బియ్యమునకు అక్షతలని పేరు. ముక్కలైన నూకలు అన్నమునకు పనికివచ్చును గాని అర్చనకు పనికిరావు.

ఇక ఐదవది టెయింట్. ఈ మాట చరిత్రయే అన్నిటికంటె విచిత్రము. రెండు వేర్వేరు ప్రవాహములు ఇందు కలిసినవి. ఒకటి పైన చెప్పిన టింగెరె, అనగా రంగద్దుట. రెండవది ‘టాంగెరె’, అనగా తాకుట. తాకుట అను అర్థమునుండి అపరాధమును మోపుట, నేరము రుజువగుట అను అర్థము వచ్చి, ఇంగ్లండు ధర్మశాస్త్రమున అటెయిండర్ అను పారిభాషిక పదమేర్పడినది. ఉచ్చారణలో పోలిక యుండుటచేత, తాకుటను చెప్పు ఆ మాటయందు రంగుపట్టుట అను భావము ప్రవేశించినది. 18వ శతాబ్దపు ఆంగ్ల ధర్మశాస్త్రవేత్త విలియం బ్లాక్‌స్టన్ కూడ ఆ పదమును మరకపడినవాడు, నలుపెక్కినవాడు అనియే వివరించెను.

ఇది కేవల వ్యాకరణ విషయమై యుండిన మనకు పని లేదు. రాజద్రోహము మొదలగు మహాపరాధములకు శిక్షపడిన వానికి ఆ దేశమున ‘రక్తదూషణము’ సంభవించునని శాసనముండెను. అతని రక్తమే చెడినది గనుక ఆస్తి అతని ద్వారా సంతానమునకు సంక్రమింపదు. తండ్రి ద్రోహమునకు కుమారుడు దరిద్రుడు కావలసివచ్చెను. అమెరికా దేశస్థులు 1787లో తమ రాజ్యాంగమును రచించుకొన్నప్పుడు, విచారణ లేకుండ శాసనముతో ఇట్టి శిక్ష విధించుటను నిషేధించిరి. రాజద్రోహమునకు సైతము రక్తదూషణము దోషి జీవితకాలమును దాటి ప్రసరింపరాదనిరి. ఇంగ్లండున 1870లో వచ్చిన చట్టము రాజద్రోహాది మహాపరాధముల తీర్పులవలన రక్తదూషణము కలుగు పద్ధతిని తొలగించినది. చట్టము పోయినది గాని మాట మిగిలినది. నేటికిని టెయింట్ అనగా తాకుటచే పట్టి, లోనికి ప్రవేశించి, తరువాతివారికి ప్రాకు చెడుగు అనియే స్ఫురించును. ఆ యువకుని హృదయమున గ్రుచ్చుకొన్న మాట ఇదియే.

కనుక ఐదు మాటలును ఐదు ప్రశ్నలు. రంగు లోనికి ఇంకినదా? పైపొర మాత్రమే కాంతి తప్పినదా? బయటి బురద పైబడినదా? అవయవము లోపించినదా? తాకుటచే సంక్రమించినదా? ఈ ఐదు ప్రశ్నలను చేతబట్టుకొని మన శాస్త్రములలోనికి ప్రవేశింతము.

అమరకోశము చూపు దారి

1785లో చార్లెస్ విల్కిన్స్ భగవద్గీతను ఆంగ్లీకరించెను. ఆ పిమ్మట ఎందఱో అనువాదకులు కృషి చేసిరి. వారి శ్రమకు మనము కృతజ్ఞులము. అయినను మలము, కల్మషము, కషాయము, కళంకము, దోషము, లేపము అను మాటలకు వేర్వేరు ఆంగ్లపదములు నిలుకడగ దొరకక, స్టెయిన్, ఇంప్యూరిటీ, సిన్ అను రెండు మూడు మాటలలో అన్నియు కలిసిపోయినవి. నదులు సముద్రమున కలిసినచో శోభ. పారిభాషిక పదములు ఒక్క మాటలో కలిసినచో అనర్థము.

అమరసింహుడు కళంకమను పదమును పాపవాచకములలో చేర్చలేదు. అంకము, లాంఛనము, చిహ్నము, లక్షణము అను పదములతో కలిపి పఠించెను. అనగా కళంకము మొదట గుర్తు మాత్రమే. చంద్రునియందు కనబడు కుందేటి ఆకారము అట్టి గుర్తు. దానినిబట్టియే చంద్రుని శశాంకుడని పిలుచుచున్నాము. ఆ పేరు పిలుపే గాని తిట్టు కాదు. పంకము, కల్మషము, కలుషము అను పదములను మాత్రము ఆయన పాపపర్యాయములలో చేర్చెను. పంకమనగా బురద. కలుషమనగా మురికినీటి వంటి కలత. మలమను పదమునకు పాపము, పురీషము, లోహకిట్టము అని మూడర్థములు చెప్పెను. కిట్టమనగా లోహమును కాల్చినప్పుడు వేరుపడు మడ్డి. ఒక్క పదమున దేహము, కొలిమి, ధర్మము మూడును కూడినవి.

కాళిదాస మహాకవి చంద్రకళంకమును మూడు చోట్ల మూడు విధముల వాడెను. శాకుంతలమున నారచీర ధరించిన శకుంతలను చూచి దుష్యంతుడు, నల్లనిదైనను ఆ గుర్తు చంద్రునకు శోభయే యని తలచును. కుమారసంభవమున హిమవంతుని వర్ణించుచు, గుణరాశిలో ఒక్క దోషము వెన్నెలలో మచ్చవలె మునిగిపోవునని చెప్పబడినది. రఘువంశమున పదునాలుగవ సర్గయందు శ్రీరామచంద్రుడు సీతాదేవి నిర్దోషురాలని ఎఱిగియు, లోకాపవాదము బలవత్తరమని తమ్ములతో చెప్పును. భూమియొక్క నీడను లోకులు నిర్మలుడగు చంద్రునికి మలముగ ఆరోపించిరి గదా యని అచ్చట ఉపమానము.

మొదటిదానిలో మచ్చ అలంకారము. రెండవదానిలో మచ్చ దోషమే గాని అల్పము. మూడవదానిలో మచ్చ లేనే లేదు, చూచువారు అంటగట్టినది మాత్రమే. ఆంగ్లమున సల్లీ అను మాటకు దగ్గఱగ నున్నది ఈ మూడవది. నిందకు మూలము నిందింపబడినవానియందు కాక నిందించువారి వాక్కునందు ఉండుట దీని లక్షణము.

కల్మాషపాదుని పాదములు

కల్మషమను పదమునకు సమీపమైనది కల్మాషము. కల్మాషమనగా చిత్రవర్ణము, మచ్చలు మచ్చలుగ నున్నది. ఇక్ష్వాకు వంశమున సౌదాసుడను రాజు కథ విష్ణుపురాణమునందును, భాగవత నవమస్కంధమునందును కలదు. వంటవాని రూపమున వచ్చిన రాక్షసుడు మోసముతో నరమాంసమును వండగా, వసిష్ఠ మహర్షి రాజునే దోషిగ తలచి శపించెను. తాను నిరపరాధి గనుక రాజును ప్రతిశాపమునకై జలమును చేతబట్టెను. రాణి మదయంతి వారించినది. గురువును శపింపరాదు. అభిమంత్రించిన ఆ జలమును ఆకాశమున చల్లినను, భూమిపై చల్లినను ప్రాణులకు హాని. రాజు దానిని తన పాదములపైననే పోసికొనెను. పాదములు మచ్చలుపడి నల్లబడెను. నాటినుండి ఆయనకు కల్మాషపాదుడని పేరు.

ఈ కథను బాల్యమున వినునప్పుడు శాపమే ప్రధానమని తలచితిని. ఇప్పుడు ఆ మచ్చలే కనబడుచున్నవి. తన కోపము ఇతరులపై పడకుండ తానే భరించినందుకు గుర్తుగా ఏర్పడిన మచ్చలవి. మచ్చ కనబడగనే పాపమని నిర్ణయించువారు ఈ రాజు పాదములను ఒకసారి స్మరింపవలెను.

కషాయము: ఇంకిన రంగు

స్టెయిన్ అను మాటకు సరియైన జోడు కషాయము. చెట్ల బెరడులు, ఆకులు, వేళ్లు కాచి తీసిన రసము కషాయము. అందులో ముంచిన వస్త్రము కాషాయము. ఔషధమైనను, అద్దకపు రంగైనను, సన్యాసి వస్త్రమైనను మాట ఒక్కటే. బౌద్ధుల ధమ్మపదమునందు కూడ, లోపలి కషాయము పోనివాడు వెలుపలి కాషాయమునకు అర్హుడు కాడను భావము ఈ శ్లేషపైననే నిలిచియున్నది.

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున నారదుడు సనత్కుమారుని ఆశ్రయించెను. వేదములు, ఇతిహాసపురాణములు, గణితము మొదలుగ తాను చదివిన విద్యల పట్టిక చెప్పి, మంత్రములు తెలిసినవాడనే గాని ఆత్మను తెలిసినవాడను కానని విలపించెను. ఆ అధ్యాయము చివర, కషాయము నలిగిపోయిన నారదునకు తమస్సునకు ఆవలి తీరమును సనత్కుమార భగవానుడు చూపెనని శ్రుతి చెప్పుచున్నది. ఇచ్చట శంకర భగవత్పాదుల భాష్యము అద్దకపువాని పనిని కన్నులకు కట్టించును. చెట్టు కషాయము వస్త్రమునకు రంగు పట్టించునట్లు రాగద్వేషాదులు చిత్తమునకు రంగు పట్టించును గనుక అవి కషాయములు. జ్ఞానము, వైరాగ్యము, అభ్యాసము అను క్షారముతో అవి కడుగబడినవి. క్షారమనగా చాకలివారు వాడు చౌడు వంటిది. ఇంకిన రంగు వట్టి నీటితో పోదు. నానవలెను, క్షారము తగులవలెను, నలుగవలెను. శ్రుతి వాడిన మాటకు నలుగుట యనియే అర్థము.

బృహదారణ్యకమున కూడ మనస్సునకు పట్టు వాసనల రంగులు చెప్పబడినవి. పసుపులో ముంచిన వస్త్రము, తెల్లని గొఱ్ఱెబొచ్చు, తొలకరి వానలకు పొలములలో కనబడు ఆరుద్రపురుగు, అగ్నిజ్వాల, తెల్లతామర, మెఱుపు అని ఉపమానములు. అన్నియు మురికి రంగులు కావని గమనింపుడు. తెలుపు సైతము రంగే. సత్త్వగుణము కూడ పట్టిన రంగే. గౌడపాదాచార్యులు సమాధికి వచ్చు విఘ్నములలో లయవిక్షేపములతో పాటు కషాయమును చెప్పిరి. చిత్తము నిద్రింపదు, చలింపదు, కాని లోన ఇంకియున్న వాసనచే బిఱుసెక్కి నిలిచిపోవును. సాధకులు దీనిని అనుభవమున ఎఱుగుదురు.

ఉపరాగము: ఇంకని రంగు

కషాయమునకు పూర్తిగ భిన్నమైనది ఉపరాగము. స్ఫటికము ప్రక్క మందారపువ్వు నుంచినచో స్ఫటికము ఎఱ్ఱగ కనబడును. పువ్వును తీసినచో ఎఱుపు పోవును. కడుగ నక్కఱలేదు, తోమ నక్కఱలేదు. రంగు స్ఫటికమున ఎన్నడును ప్రవేశింపలేదు. సాంఖ్యులును, యోగులును, వేదాంతులును పురుషునకు సుఖదుఃఖములు ఇట్లే కనబడుచున్నవని బోధించిరి.

గ్రహణమునకు కూడ ఉపరాగమనియే పేరు. ఆర్యభట్టు 499వ సంవత్సర ప్రాంతమున రచించిన ఆర్యభటీయమున, చంద్రగ్రహణమున చంద్రుని కప్పునది భూచ్ఛాయ యనియు, సూర్యగ్రహణమున సూర్యుని కప్పునది చంద్రుడనియు స్పష్టముగ చెప్పెను. గ్రహణము విడిచిన పిమ్మట చంద్రునిపై మచ్చ యేమియు మిగులదు. ఆంగ్లపదములు ఐదింటిలోను ఈ ఉపరాగమునకు సరియైన జోడు నాకు కనబడలేదు. అంటినట్లు కనబడుచు అసలు అంటకపోవుటను చెప్పు మాట అది.

మలము: వస్తువా, అజ్ఞానమా?

మలమను పదముపై శైవాగమజ్ఞులు శతాబ్దముల తరబడి వాదించిరి. సిద్ధాంతశైవుల మతమున మలము ఒక ద్రవ్యము. రాగికి చిలుమువలె, బియ్యపుగింజకు ఊకవలె, ఆత్మకు అనాదిగ నుండియు తొలగింపదగినది. ద్రవ్యము గనుక తెలిసికొన్నంత మాత్రమున పోదు. కంటి పొరను వైద్యుడు తీసినట్లు, దీక్షయను క్రియచే శివుడే గురుముఖమున తీయవలెను. కాశ్మీరమున క్రీ.శ. 1000 ప్రాంతమున వెలసిన అభినవగుప్తాచార్యులు దీనిని అంగీకరింపలేదు. మలమనగా అజ్ఞానమే, సంకోచమే, వేఱొక ద్రవ్యము కాదని ఆయన సిద్ధాంతము. ఆంగ్లమున చెప్పవలెనన్నచో టార్నిష్ వంటి పొర యని ఒకరు, అట్టి పొరయే లేదు, చూపు ముడుచుకొన్నదని మఱొకరు.

ఈ సిద్ధాంతశైవ పరంపర మన తెలుగునేలపై కాకతీయుల కాలమున వైభవముతో విలసిల్లినది. గోళకీ మఠమునకు చెందిన విశ్వేశ్వర శివాచార్యులు గణపతిదేవ చక్రవర్తికి దీక్షాగురువు. గుంటూరు ప్రాంతమున మల్కాపురమునందున్న 1261వ సంవత్సరపు శాసనము రుద్రమదేవి కాలమున ఆయనకు లభించిన మందడ గ్రామదానమును చెప్పుచున్నది. ఆ గ్రామాదాయముతో వేదశాస్త్ర విద్యాలయము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము ఏర్పడినవి. సత్రమున బ్రాహ్మణాది చండాలపర్యంతము అన్నము పెట్టవలెనని నియమము. మలము సత్యమగు ద్రవ్యమని నమ్మిన ఆచార్యులే, ఆకలిగొన్న మనుష్యుని మలినునిగ చూడలేదు. మలము ప్రతి జీవునకు సమానమని వారికి తెలియును గనుక, ఒకరు మలినులు, ఒకరు నిర్మలులు అను విభాగమునకు వారి సిద్ధాంతమున చోటులేదు.

ఇట్లని మన చరిత్ర అంతయు ఇంత నిర్మలమని చెప్పజాలను. జననమరణములకు చెప్పిన అశౌచము దినముల లెక్కతో మొదలై, దినముల లెక్కతో ముగియును. సపిండులకు పదిదినములు, స్నానముతో శుద్ధి. తెలుగున దీనినే మైల యందుము. కాలముతో పోవు ఈ మైలను జన్మతో పోని అంటుగ మార్చి, కొందఱు మనుష్యులపై జీవితాంతము మోపిన దోషము మన సమాజమున జరిగినది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. ఇంగ్లండువారి రక్తదూషణమును చదివి ఆశ్చర్యపడుటకు ముందు, మన యింటి అద్దమును కూడ చూచుకొనుట ధర్మము.

కలియుగమున కర్త మాత్రమే

ఇక ఆ యువకుని ప్రశ్నకు నేరుగ సమాధానము. మహాసంకల్పము చెప్పునప్పుడు పాపములను వర్గములుగ పఠింతుము. మహాపాతకములు, ఉపపాతకములు, సంకరీకరణములు, మలినీకరణములు, అపాత్రీకరణములు మొదలైనవి. మలినీకరణములు ఆ పట్టికలో ఒక వర్గము మాత్రమే. అవి ‘కరణములు’, అనగా చేయబడు పనులు. పని గనుక దానికి కర్త యుండును. కర్తకే ప్రాయశ్చిత్తము.

సంసర్గము మాట యేమి? తాకినవారికి, కలిసి భుజించినవారికి దోషము సంక్రమించునని స్మృతులు చెప్పుచున్నవి గదా యని పెద్దలు అడుగుదురు. దీనికి పరాశరస్మృతి ప్రథమాధ్యాయమున స్పష్టమైన నిర్ణయము కలదు. పాపము జరిగినచో కృతయుగమున ఆ దేశమును, త్రేతాయుగమున ఆ గ్రామమును, ద్వాపరమున ఆ కులమును విడువవలెను. కలియుగమున చేసినవానిని మాత్రమే విడువవలెను. కృతయుగమున పాపితో మాటలాడుటచేతను, త్రేతాయుగమున తాకుటచేతను, ద్వాపరమున అతని అన్నమును స్వీకరించుటచేతను పతనము. కలియుగమున తాను చేసిన పనిచేతనే పతనము. ఇచ్చట కులమనగా వంశము, కుటుంబము.

ఆంగ్ల ధర్మశాస్త్రము 1870 వరకు రక్తమునకు అంటగట్టిన దానిని, మన స్మృతికర్త ఈ యుగధర్మమున కర్తవద్దనే నిలిపివేసెను. విజయనగర స్థాపనకాలమున మాధవాచార్యులు ఈ స్మృతికి విస్తృతవ్యాఖ్యను రచించిరి. కలియుగమునకు పరాశరుని స్మృతియే ముఖ్యప్రమాణమని పెద్దలు తరచుగ చెప్పుచుందురు. వ్రతములకు, వివాహములకు సంకల్పమున ‘కలియుగే’ అని ప్రతిదినము పలుకు మనము, కుటుంబములను తూచునప్పుడు మాత్రము ద్వాపరయుగమునకు పోవుచున్నాము.

ఇచ్చట నేనొక విషయమును దాచరాదు. ఆ పెండ్లి సంబంధము తప్పిపోవుటకు ముందు, కన్యవారి పెద్దలు మా ఆలయమునకు వచ్చి ఆ కుటుంబమును గూర్చి నన్ను అడిగిరి. "పిల్లవాడు యోగ్యుడు, తల్లి సాధ్వి. కాని ఆ యింటికి ఒక కళంకము కలదు" అని నేనంటిని. అప్పుడు ఆ మాటను విచారింపలేదు. నలుబది ఏండ్లుగ అమరకోశము నోట నున్నవాడను, కళంకమను పదమును పాపపర్యాయముగ, అందును తండ్రి చేసిన పనికి ఇంటికంతకు పర్యాయముగ వాడితిని. ఆ యువకుడు ఫోనులో అడిగిన ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పలేకపోవుటకు కారణము శాస్త్రజ్ఞానలోపము కాదు. ఆ మరకను చల్లినవాడను నేనే.

పరాశరస్మృతిలోని ఆ భాగము మరల చదివిన మఱునాడే కన్యవారి యింటికి పోయి నా మాటను వెనుకకు తీసికొంటిని. "తప్పు చేసినవారు శిక్ష అనుభవించి వెళ్లిపోయిరి. ఆ యింట మిగిలినవారికి దోషము లేదు. నేను పలికినది శాస్త్రవిరుద్ధము" అంటిని. వారు మర్యాదతో వినిరి. సంబంధము మాత్రము మరల కుదురలేదు. అప్పటికి వేఱొక చోట నిశ్చయమైపోయినది. పలికిన మాటకు క్షారము లేదని ఆనాడు తెలిసికొంటిని. ఆ యువకునకు కూడ జరిగినదంతయు చెప్పితిని. చాలసేపు మౌనముగ నుండి, "మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు పంతులుగారూ" అనెను. ఆ మాటలో క్షమ యున్నదో, బాధ యున్నదో నేను నిర్ణయింపజాలను.

ఆకాశమునకు మురికి పట్టునా?

అతని మొదటి ప్రశ్న ఒకటి మిగిలినది. ఆత్మకు మరక అంటునా? శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమునకు ఉపోద్ఘాతముగ రచించిన అధ్యాసభాష్యమున, కంటికి విషయము కాని ఆకాశమునందు సైతము బాలురు తలమును, మాలిన్యమును ఆరోపింతురని ఉదాహరించిరి. ఆకాశము నల్లబడినదని పిల్లవాడనును. మేఘము కదలిపోవును. ఆకాశమును ఎవ్వరును కడుగలేదు. కడుగ నక్కఱయు లేదు.

గీతాచార్యుడు మూడవ అధ్యాయమున కామముచే జ్ఞానము కప్పబడుటకు పొగచే అగ్నిని, మలముచే అద్దమును, మావిచే శిశువును ఉపమానములుగ చూపెను. మూడింటిలోను కప్పబడినది చెడలేదు. పొగ గాలికి పోవును. అద్దమును తుడువవలెను. శిశువునకు కాలము రావలెను. మరకల భేదము తెలిసినవానికే ఉపాయభేదము తెలియును. కర్మ చేసి చెడినవానికి ప్రాయశ్చిత్తము, రాగము ఇంకినవానికి అభ్యాసవైరాగ్యములు, మైల వచ్చినవానికి స్నానము, ఆత్మకు మరక పట్టినదని భ్రమించువానికి విచారణ. అపవాదము పాలైనవానికి మాత్రము ఉపాయము అతనియందు లేదు. అది అపవాదమును పలికినవాని నాలుకయందున్నది.

కనుక ప్రియ సాధకులారా, ఒకరిని గూర్చి మచ్చ, మరక, కళంకము అను మాట నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణమాగి ఆ ఐదు ప్రశ్నలను వేసికొనుడు. ఇంకినదా, పైపొరయా, చల్లబడినదా, లోపించినదా, తాకినదని మనము ఊహించుచున్నామా? సమాధానము తెలియకున్నచో మౌనము శ్రేయస్కరము. నావలె ఆలస్యముగ తెలిసికొనకుడని ప్రార్థించుచున్నాను.

శుభం భూయాత్.